చెప్పి వినిపించిన పాటలు

మాది రూపనగుడిలో పిండి గిర్ని. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి నేనూ మా ఆయనా కలిసే దాన్ని నడుపుతున్నాం. జొన్నలు, గోధుమలు, ఎండాకాలంలో ఎండుమిరపకాయలు. గిర్ని ఆడుతున్నప్పుడు పక్కన పిడుగు పడినా తెలియదు. అన్నేళ్ళ మోత నా చెవులను మెల్లగా తినేసింది. మొదట పిల్లల గొంతులు మసకబారాయి. తర్వాత ఫోను మోగడం వినిపించకుండా పోయింది. చివరికి పాటలు పోయాయి.

పాటలు పోవడమే నాకు కష్టమనిపించింది. సాయంత్రం గిర్ని ఆపాక మా ఇంటి ముందరి బండ మీద ముగ్గురం కూర్చుంటాం: నేను, మా తోడికోడలు, పక్కింట్లో జీన్సు ప్యాంట్లు కుట్టే అమ్మాయి. తోడికోడలు మా బావ భార్య. నాకన్నా పెద్దది, అక్కా అంటాను. ఆమె పుట్టిల్లు సంగనకల్లు. కుట్టే అమ్మాయిది కన్నడం మాట్లాడే ఇల్లు. బళ్ళారి నుంచి కత్తిరించిన గుడ్డ తెచ్చుకుని ఇంట్లోనే కుడుతుంది. మిషను పక్కన ఆమె చిన్న స్పీకరు రోజంతా పాడుతూనే ఉంటుంది.

బండ మీద కూర్చోగానే మొదటి మాట, "ఈ పొద్దు ఏమి ఇన్న్యావు?" ఎవరేం విన్నారో చెప్పాలి, వినిపించాలి, బాగుందో లేదో మిగతా ఇద్దరూ తేల్చాలి. అక్కకు నాటకాల పద్యాలు ఇష్టం, హార్మోనియం ఉంటే చాలు. ఆ అమ్మాయికి కొత్తవన్నీ కావాలి. నాకు వేణువు ఉన్న పాట ఏదైనా సరే.

చెవులు బాగా మందగించాక ఒకరోజు వాళ్ళకు చెప్పేశాను.

"నాకు ఎవరో గొణిగినట్ల ఉండాదక్కా. మీరు ఇనుకోండి. నేను లోపలికి పోయి అన్నం చూస్తా."

అక్క నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "కూచో మే. నేను చెప్తా."

నిజంగానే పాటను చెప్పడం మొదలుపెట్టింది. నా చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా, "ఇప్పుడు ఒకాయప్ప పాడతాండాడు. గొంతు బెల్లం పాకం మాదిరి తీగ సాగతాండాది. ఎనకాల తబలా, రేకుల మింద చినుకులు పడినట్ల. ఇదో, ఆయమ్మ వచ్చింది. మా సంగనకల్లు గుట్ట మింద రాయి తీసుకుని కొడితే బండ మోగుతాది గదా, అట్లుండాది గొంతు" అని.

కుట్టే అమ్మాయి స్పీకరును నా ఒళ్ళో పెట్టేది. అరచేతుల కింద అది అదిరేది. అట్లా ఏడాదికి పైగా సగం పాట అరచేతులతో, సగం అక్క నోటితో విన్నాను. దారిన పోయేవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు. మాకూ నవ్వొచ్చేది.

ఆ రోజుల్లో అక్క ఒక పద్యాన్ని పట్టుకుని వదలలేదు. తల్లి కొడుకును యుద్ధానికి సాగనంపే పద్యం. "ఇంగ ఏడుస్తాంది చూడు. హార్మోనియం గూడా ఏడుస్తాంది" అని ప్రతిసారీ చెప్పేది. వినకుండానే నాకు కళ్ళు చెమర్చేవి.

మిరపకాయల పని తగ్గాక మా ఆయన నన్ను బళ్ళారికి తీసుకుపోయి రెండు చెవులకూ మిషన్లు పెట్టించాడు. బస్సు దిగి నడుస్తుంటే నా చెప్పుల చప్పుడు నాకే వినిపించింది. చేతిసంచి గరగరమంది. కాకి అరిస్తే ఉలిక్కిపడ్డాను. ఇంటికి వచ్చేసరికి ఇద్దరూ ఫోన్లు పట్టుకుని బండ మీద కూర్చుని ఉన్నారు. ముందు తన పద్యమే పెట్టాలని అక్క పట్టుబట్టింది. పెట్టింది. నా ముఖం చూసి వెంటనే ఆపేసింది.

"ఏంది మే, ఏమాయ?"

"డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్ల ఉండాదక్కా."

మాటలు శుభ్రంగా తెలుస్తున్నాయి. పాట మాత్రం పాటలా లేదు. ఇంకో పాట పెడితే అందులో వేణువు ఈల వేసినట్టు చెవిని కోసింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మర్నాడు వాళ్ళిద్దరే నన్ను వెంటబెట్టుకుని బళ్ళారి బస్సెక్కారు. చెవుల పరీక్ష చేసే అమ్మాయితో అక్క, "మాటలు ఇనపడ్తాండాయి తల్లీ, సంతోషం. మాకు పాట కావల్ల" అంది. ఆ అమ్మాయి నవ్వింది. మిషన్లను మాటల కోసం సరిచేశామనీ, సంగీతానికి వేరేగా సరిచేయవచ్చనీ, మీరు వినే పాటలు ఇక్కడే పెట్టమనీ చెప్పింది. అడగడమే ఆలస్యం, కుట్టే అమ్మాయి సంచిలోంచి స్పీకరు తీసింది.

పాట నడుస్తోంది. పరీక్ష చేసే అమ్మాయి కంప్యూటరులో కొంచెం మార్చి, "ఇప్పుడు?" అంటుంది. "ఇంకా ఈల ఉండాది" అంటాను. మళ్ళీ మారుస్తుంది. "ఇప్పుడు తబలా ముందుకొచ్చి కూచున్యాది" అంటాను. అట్లా మారుస్తూ పోగా ఒకచోట ఆ ఈల మెత్తబడింది. వెదురులోంచి ఊపిరి పోతున్నట్టు వినిపించింది. ఇదే అన్నట్టు వేలు పైకెత్తాను.

"బాళ చెందైతి అక్కా, శానా బాగుండాది" అని కుట్టే అమ్మాయి నా మోకాలు తట్టింది. అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. తలుపు దగ్గర తన వంతు కోసం కూర్చున్న ముసలాయన లోపలికి తొంగిచూసి, "నాకూ ఆ పాటతోనే పరీచ్చ చెయ్యమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రం అక్క పద్యం మొదటిసారి చెవులతో పూర్తిగా విన్నాను.

"అక్కా, ఈయమ్మ యాడ ఏడ్చింది? నవ్వుతా పంపిస్తాండాది గదా."

అక్క ఏమీ తొణకలేదు. "కూరలో ఉప్పు చాలదనిపిస్తే ఎయ్యమా? నేనే ఏసినా."

కడుపు పట్టుకుని నవ్వాం. నిజానికి పాడినామె పద్యం కన్నా అక్క చెప్పిన పద్యమే నాకు నచ్చింది. ఆ మాట చెబితే పొంగిపోయి ఇద్దరికీ టీ పెట్టుకొచ్చింది.

తర్వాత కొద్దిరోజులకు బళ్ళారిలో కారం పొట్లాలు అంగడికి వేసి వస్తుంటే, బస్సు డ్రైవరు ఒక కన్నడ జానపదం పెట్టాడు. ఆడగొంతు, మధ్యలో పొడుగ్గా వేణువు. రూపనగుడిలో దిగుతూ, "ఆ పాట నా ఫోనుకు పంపిస్తావాప్పా?" అని అడిగాను. వెనక నుంచి కండక్టరు ఈల వేశాడు. డ్రైవరు, "ఉండప్పా, అమ్మ పాట అడగతాంది" అని తీరిగ్గా పంపించి మరీ బస్సు కదిలించాడు.

ఇన్నాళ్ళూ నా వంతు వస్తే నా దగ్గర వినిపించడానికి ఏమీ ఉండేది కాదు. ఆ రోజు ఇద్దరూ సరిగ్గా కూర్చోకముందే పాట పెట్టాను.

"ఏం పాట మే ఇది, హార్మోనియమే లేదు" అంది అక్క.

"హళేది అక్కా, బాగా పాతది" అంది కుట్టే అమ్మాయి.

ఇద్దరికీ నచ్చలేదు. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. "సగంలో తేల్చేస్తే ఎట్ల? వేణువు ఇంకా రాలేదు" అని గొంతు పెంచి, పాటను మళ్ళీ మొదటికి తిప్పాను.