పోచమ్మ ముంగట రాట్నం

శంషాబాద్‌లో భూమి ఉన్నవాడిదే మాట. లేనివాడు ఎంతటివాడైనా కిరాయిదారే. స్వరాజ్యం ఆ రెండు బతుకులూ బతికింది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో అత్తవారికి జొన్నా కందీ పండే చేను ఉండేది. ఎయిర్‌పోర్టు కోసం ఊరికి ఊరే లేచిపోయినప్పుడు ఆ చేనూ పోయింది. పరిహారం చేతికొచ్చిన వాళ్లు కార్లు కొన్నారు, మేడలు లేపారు, కొందరు తాగి తందనాలాడి రెండేళ్లు తిరక్కుండానే చేతులు ఖాళీ చేసుకున్నారు. ఆమె మొగుడు జంగయ్య మాత్రం ఎవరికీ చెప్పకుండా మహారాష్ట్ర పోయి, ఎవరో సర్కసువాడు వదిలించుకుంటున్న జెయింట్ వీలును లారీకెత్తించుకొని వచ్చాడు. చేనుతో పాటు వీడి మతీ పోయిందని చుట్టాలంతా నవ్వారు. స్వరాజ్యం నవ్వలేదు. పొయ్యి ముందు కూర్చొని కొంగు తడిసేలా ఏడ్చింది.

హైవే పక్కన రాజయ్య అనే పెద్ద రైతుకు రాళ్లతో నిండిన బీడు ఒకటి ఉండేది. నాగలి దిగని నేల, మేకలు కూడా ముఖం తిప్పుకొనే నేల. రాట్నం అక్కడ పెట్టుకొమ్మన్నాడు ఆయన. కాగితం రాసుకుందామని జంగయ్య అంటే, మనిషి మాట కంటే కాగితం ఎక్కువా అని కసిరాడు. ఆ రోజుల్లో అట్లాంటి మనుషులుండేవారు. ఉండి ఏం లాభం, వాళ్లు పోతూ పోతూ మాటను కూడా వెంట తీసుకుపోతారు.

రాళ్లు ఏరి, చదును చేసి, కూతురి పేరు మీద సంతోషి పార్కు అని బోర్డు కట్టారు. రాట్నం తర్వాత టాయ్ ట్రైను వచ్చింది, ఊగే కొలంబస్ ఓడ వచ్చింది, చిన్నపిల్లలకు చెక్కగుర్రాలు వచ్చాయి. ఆదివారమైతే ఆరాంఘర్ నుంచి కూడా జనం వచ్చేవారు. విమానం దిగే వేళ రాట్నం పైకి చేరితే పిల్లలు కేకలే కేకలు. జంగయ్య బోల్టులు బిగించేవాడు, నూనె పోసేవాడు. తిప్పేది మాత్రం స్వరాజ్యమే. ఎదురెదురు డబ్బాల్లో సరిసమానంగా బరువు పడాలి, లేకపోతే రాట్నం ఒక పక్కకు గుంజుతుంది. మనిషిని చూడగానే ఎవరిని ఏ డబ్బాలో కూర్చోబెట్టాలో ఆమెకు తెలిసిపోయేది. లావుపాటి ఆడవాళ్లను వేరే డబ్బాలోకి మార్చినప్పుడల్లా గొడవయ్యేది. ఆమె నోటికి జడిసి మళ్లీ వాళ్లే సర్దుకొనేవారు.

ఒక ఆదివారం సాయంత్రం ఆరేళ్ల సంతోషి తల్లి కళ్లుగప్పి రాట్నమెక్కింది. డబ్బా కొక్కెం సరిగా పడలేదు. పిల్ల పైనుంచి జారి, కింద ఇసుకలో పడింది. కదలదు, మెదలదు. దవాఖానకు తీసుకుపోతున్న ఆటోలో స్వరాజ్యం లేచిపోయిన తమ ఊరి పోచమ్మకు మొక్కింది. నా బిడ్డ కళ్లు తెరిస్తే ఏటా బోనాలప్పుడు నీ గుడి ముంగట ఈ రాట్నం నిలబెడతా, పైసా తీసుకోకుండా ఊరి పిల్లలందరినీ తిప్పుతా, నేను బతికున్నన్నాళ్లూ తప్పను అని. తెల్లారేసరికి సంతోషి కళ్లు తెరిచి నీళ్లడిగింది.

అప్పటి నుంచి శ్రావణమాసం బోనాలంటే రాట్నం కదలాల్సిందే. ఊరు పోయినా పోచమ్మ పోలేదు. పునరావాసం కాలనీ చివర చిన్న గుడి కట్టి ఆమెను నిలబెట్టారు. ఎక్కడెక్కడికో చెదిరిపోయిన ఊరివాళ్లంతా ఏడాదికి ఆ ఒక్కరోజు బోనాలెత్తుకొని అక్కడికి చేరతారు. ముందు రోజే జంగయ్య సణుగుతూ రాట్నం విప్పేవాడు, డీసీఎం వ్యానులో ఎక్కించి గుడి ముందు బిగించేవాడు. సణుగుడు పైకే. ఊరి పిల్లలంతా జంగయ్య మామా అని చుట్టూ మూగితే ఆ మనిషి ఛాతీ గజం పెరిగేది.

కరోనా వచ్చి టాయ్ ట్రైనును, ఓడను పాత ఇనుముకు పంపింది. రాట్నం, గుర్రాలు, రేకుల టికెట్ గది మిగిలాయి. ఆ మిగిలిన దాని మీదే ఇల్లు నడుస్తుండగా రాజయ్య పోయాడు. ఆయన దినాలు అయ్యాయో లేదో కొడుకులు ఆ బీడును ప్లాట్లు చేసి అమ్ముకొనే వెంచర్ వాళ్లకు అమ్మేశారు. రాళ్లతో నిండినప్పుడు మేక కూడా చూడని నేల, చదునయ్యాక అందరికీ ముద్దొచ్చింది. ఒకరోజు నల్ల చొక్కాలేసుకొన్న దుక్కల్లాంటి మనుషులు నలుగురు దిగి, వారంలో ఖాళీ చేయమన్నారు. జంగయ్య వకీలును పట్టుకొని కోర్టుకు పోయాడు. తీర్పు వచ్చేదాకా ఉన్నది ఉన్నట్టే ఉండాలని ఉత్తర్వు తెచ్చుకున్నాడు.

ఆ వకీలు కోస్తా వైపు మనిషి, ప్రతి మాటా తూచి మాట్లాడతాడు. మొగుడూ పెళ్లాలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "మీ చేతిలో కాగితం లేదు. ఉన్నదల్లా ఆ చక్రమే. అది నేల మీద నిలబడి ఉన్నన్నాళ్లు మీరు అక్కడ ఉన్నట్టు లెక్క. దయచేసి దాన్ని కదపకండి. కదిపితే మీకు మీరే ఖాళీ చేసి వెళ్లిపోయారంటారు."

ఇద్దరూ తలూపారు. అది వేసవి.

శ్రావణం వచ్చింది. సంతోషికి అప్పుడు ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. క్యాబ్ నడుపుకొనే మొగుడు మంచివాడే గానీ, అత్తగారింట్లో సూటిపోటి మాటలు మొదలయ్యాయి. ఈసారైనా నిలబడాలని ఆ పిల్ల ఏ చెట్టుకు మొక్కమంటే ఆ చెట్టుకు మొక్కుతోంది. అమ్మా, ఈ ఏడు కూడా రాట్నం పోతది కదా అని ఫోన్‌లో ఒకసారి అడిగింది, మళ్లీ ఒకసారి అడిగింది. అడిగిన ప్రతిసారీ స్వరాజ్యం మాట మార్చి, మందులు వేసుకున్నావా అని అడిగేది.

ఈ ఒక్క ఏడాదికి ఆగుదామన్నాడు జంగయ్య. వచ్చే ఏడు రెండు రోజులు తిప్పి అమ్మవారి బాకీ తీర్చుకుందామన్నాడు. స్వరాజ్యం వినలేదు. మొక్కింది ఏటా బోనాలకు, తీర్చేది తీరిక దొరికినప్పుడు అంటే అది మొక్కు కాదు, బేరం అంది.

"వకీలు సారు ఏం చెప్పిండో మర్శినవా?" అన్నాడు జంగయ్య.

"మర్వలే. వకీలుకు బిడ్డ కడుపు గురించి ఏం ఎరుక? ఒక్క పొద్దు, ఒక్క రాత్రి. తెల్లారెటాల్లకు మళ్ల తెచ్చి నిలవెడ్దం. దానికేమన్న అయితే నేను బతుకుతనా, చెప్పు."

జంగయ్య లేచాడు. పానా తీసుకొని పోయి బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

కాపలాకు మొగులయ్యను పెట్టారు. మొదటి నుంచీ పార్కులో పనిచేసినవాడు, నమ్మకస్తుడు. అయితే వాడిదీ ఆ ఊరే. వాడి తల్లిదండ్రులు మొక్కిందీ ఆ పోచమ్మకే. బోనాల రోజు మధ్యాహ్నం స్వరాజ్యం మనసు ఊరుకోలేదు. పండగపూట అందరం ఇక్కడుంటే వాడొక్కడూ బీడులో గేటు పట్టుకొని కూర్చోవడమేమిటని, తానే ఫోన్ చేసింది. ఒక్క గంట వచ్చి, మొక్కి, ఇంత తిని పొమ్మంది. ఇంకెవరైనా అయితే చేసేవారు కాదు ఆ పని. ఆ ఊరివాళ్లకు మాత్రం బోనాల రోజు ఒక మనిషిని వెనక వదిలి రావడమంటే పీనుగను ఇంట్లో పెట్టుకొని పండగ చేసుకున్నట్టే.

డప్పుల మోతలో, వేపాకుల మధ్య, రాట్నం ఆ సాయంత్రం ఆగకుండా తిరిగింది. సంతోషి కుర్చీలో కూర్చొని, పొట్ట మీద చేతులు పెట్టుకొని చూస్తోంది. స్వరాజ్యానికి ఎన్నాళ్లకో గుండె తేలికపడింది. మొగులయ్య వచ్చాడు, మొక్కాడు, తిన్నాడు. పోతరాజు ఆట చూస్తూ ఇంకాస్త సేపు ఉండిపోయాడు. జంగయ్య వాడిని జనంలో చూసి, ఎవరిదో బైకు అడిగి తీసుకొని పార్కు దిక్కు పోయాడు.

అది చూసి స్వరాజ్యం వెనకాలే ఆటోలో పోయింది. పోయేసరికి రోడ్డు పొడవునా నీలం రేకులు నిలబెట్టి ఉన్నాయి. లోపల జేసీబీ తిరుగుతోంది. టికెట్ గది లేదు. గుర్రాలను ఒక మూలకు నెట్టేస్తే విరిగిన కాళ్లు పైకి లేపి పడి ఉన్నాయి. రాట్నం నిలబడే సిమెంటు దిమ్మెల మీద మొరం పోసి తొక్కించేశారు. జంగయ్య రేకుల బయట నేల మీద చతికిలబడి ఉన్నాడు. చొక్కా చిరిగింది. ఎవరు కొట్టారంటే చెప్పలేదు. ఈ రోజుకూ చెప్పలేదు.

కోర్టులో వెంచర్ వాళ్లు ఫోటోలు చూపించారు. డీసీఎంలో రాట్నం ఎక్కిస్తున్న జంగయ్య, ఖాళీ దిమ్మెలు, మనిషి లేని గేటు. వాళ్లంతట వాళ్లే మూటాముల్లె సర్దుకొని పోయారని వాదించారు. మొక్కు గురించి వకీలు చెప్పబోతే, అవతలివాళ్లు నవ్వారట. చేతులు కాలాక ఆకులు పట్టుకొని ఏం లాభం, కేసు పోయింది.

మొగులయ్య మళ్లీ వాళ్ల గడప తొక్కలేదు. జంగయ్య ఒక గోడౌన్‌లో వాచ్‌మన్‌గా చేరాడు. ఖాకీ చొక్కా తొడుక్కొని, ఎవరెవరి లారీలకో గేటు తీసి, సలాం కొట్టి ఇంటికి వచ్చేవాడు. పెళ్లాన్ని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది, చెయ్యి చేసుకున్నా బాగుండేదనిపించేది స్వరాజ్యానికి. అన్నం పెడితే తినేవాడు, ఏదైనా చెప్పాలంటే గోడకో, ఫోన్‌లో కూతురికో చెప్పేవాడు. కాలనీ ఇంటి ముందు రాట్నం ముక్కలు వానకు తడిసి తుప్పెక్కుతుంటే, పాత ఇనుమువాడు రెండుసార్లు వచ్చి బేరమాడి పోయాడు. వాడు వచ్చిన రోజు జంగయ్య అన్నం ముట్టలేదు.

సంతోషికి నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. పండులాంటి పిల్ల. పోచమ్మ కాపాడిందని సంతోషి, ఆమె అత్తా, ఊరంతా అన్నారు. స్వరాజ్యం కూడా అనుకుంది. మనవరాలిని ఒళ్లో వేసుకొన్నప్పుడు తాను చేసింది తప్పు కాదనిపించేది. వాకిట్లోకి వచ్చి ఆ ఇనుము చూసినప్పుడు కొంగుతో ముఖం కప్పుకొని లోపలికి పోయేది.

రాట్నానికి మళ్లీ జాగా కోసం స్వరాజ్యం చెప్పని చోటు లేదు, తొక్కని గడప లేదు. నేల అడిగితే అందరూ నవ్వేవారు. ఎకరం ఉన్న ప్రతివాడూ ప్లాట్ల కలలు కంటున్న చోట రాట్నానికి ఎవడిస్తాడు? చివరికి ఈ ఆషాఢంలో రావిర్యాల దగ్గర ఒక మనిషి దొరికాడు. పేరు శ్రావణ్‌కుమార్, చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు. చిన్నప్పుడు సంతోషి పార్కులో రాట్నం ఎక్కాడట. తండ్రి వదిలిన నేల ఒకటి ఖాళీగా ఉంది, పదేళ్లకు కిరాయికి రాసిస్తానన్నాడు. ఈసారి మాట కాదు, కాగితమే. ఆ మాట విన్న రోజు జంగయ్య ముఖంలో ఎప్పటి మనిషో మళ్లీ కనిపించాడు.

సంతకానికి అందరూ కలిసి పోయారు. సంతోషి కూడా పిల్లనెత్తుకొని వచ్చింది. నేల మధ్యలోనే నిలబడి శ్రావణ్‌కుమార్ కాగితం చదివాడు. అన్నీ బాగానే ఉన్నాయి. చివర ఒక షరతు ఉంది. రాట్నాన్ని ఒకసారి బిగించాక ఏ కారణంతోనూ అక్కడి నుంచి కదపకూడదు, కదిపిన రోజే ఒప్పందం చెల్లదు. విప్పి బిగించే యంత్రానికి ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోవడం లేదని, పైగా జరిగిందంతా తాను విన్నానని, ఏమీ అనుకోవద్దని మర్యాదగా చెప్పాడు.

జంగయ్య పెన్ను పట్టుకొని ఆగాడు. ఏడాది తర్వాత మొదటిసారి పెళ్లాం ముఖంలోకి చూశాడు.

"నువ్వు చెప్పు. నువ్వు పెట్టుమంటెనే పెడ్త. లేకుంటే ఇగ పోదం, ఆ ఇనుము తూకానికేస్త."

స్వరాజ్యం కూతురి వైపు చూసింది. సంతోషి ముఖం పాలిపోయింది. పిల్ల ఆమె భుజం మీద నిద్రపోతోంది.

"వద్దే అమ్మా," అంది సంతోషి. "ఇంక పక్షం దాటితే బోనాలు. నన్ను బతికిచ్చింది, దీన్ని ఇచ్చింది. నీ కాల్మొక్కుత, వద్దు."

శ్రావణ్‌కుమార్ ఇబ్బందిపడి పక్కకు తిరిగాడు. స్వరాజ్యానికి వాకిట్లో తుప్పెక్కుతున్న డబ్బాలు కనిపించాయి, గేటు దగ్గర సలాం కొడుతున్న ఖాకీ చొక్కా కనిపించింది. ఈ మనిషి బతుకును ఒకసారి ఎయిర్‌పోర్టు తీసుకుంది, రెండోసారి తానే తీసి అమ్మవారి ముందు పెట్టింది. మూడోసారి తీస్తే ఆయన ఇక లేవడు. ఆ సంగతి పోచమ్మకు తెలిసినా తెలియకపోయినా ఆమెకు తెలుసు.

"పెట్టు," అంది.

జంగయ్య సంతకం పెట్టాడు. ఆమె కళ్లు మూసుకుంది. ఏమన్న చెయ్యదల్చుకుంటే నాకు చెయ్యి తల్లీ, పసిదాన్ని ముట్టకు అని లోపల్లోపలే వేడుకుంది. పిల్లను ఒక్కసారి గుండెకు హత్తుకోవాలనిపించి చేతులు చాచింది.

సంతోషి పిల్లను రెండో భుజానికి మార్చుకుంది. "నీ చేతికి ఇయ్యనమ్మా," అని, పోయి ఆటోలో కూర్చుంది.

జంగయ్య అప్పటికే తాడు పట్టుకొని నేల కొలుస్తున్నాడు. రాట్నం కాళ్లు ఎక్కడ దించాలో అడుగులేసి చూసుకుంటున్నాడు. తాడు రెండో కొస పట్టడానికి మనిషి కావాలి.

"స్వరాజ్యం, జర ఈ కొస పట్టు," అని కేకేశాడు.

ఆ పిలుపు కోసం ఆమె ఏడాదిగా ముఖం వాచి ఉంది. చాచిన చేతులు కొంగుకు తుడుచుకొని, పోయి తాడు పట్టుకుంది.