గుమ్మపాల గ్లాసు

మొన్న రాజురా అవతల ఒక పల్లెకు జ్వరాల సర్వేకు వెళ్లాను. ఒక ఇంట్లో ముసలమ్మ అప్పుడే పితికిన పాలు నురగతో సహా గ్లాసులో పోసి నా చేతికిచ్చింది. ఆ వెచ్చని పచ్చిపాల వాసన తగలగానే సామేలు మామ గుర్తొచ్చాడు. గుమ్మపాలు తాగితే ఒళ్లు గట్టిపడుతుందని మా ఇళ్లలోనూ నమ్మేవారు. ఆమె చిన్నబుచ్చుకుంటుందని తెలిసినా, కాచి ఇవ్వమన్నాను.

మామ మాకు రక్తసంబంధం కాదు. మరాఠీవాళ్ల మధ్య, దుర్గాపూర్‌లో మా క్వార్టర్ వెనక వరుసలో ఉండేవాడు. పశువుల దవాఖానలో డ్రెస్సర్, కట్లు కట్టి సూదులు వేసే పని. ఆదివారం తెల్లచొక్కా వేసుకొని చర్చికి వెళ్లేవాడు, మిగతా ఆరు రోజులూ పేడ మరకల ప్యాంటే. అమ్మను చెల్లె అనేవాడు కాబట్టి నాకు మామ అయ్యాడు. మాట కటువు. మనుషులకన్నా బర్రెలతోనే మర్యాదగా మాట్లాడతాడని అమ్మ వెక్కిరించేది.

నేను పన్నెండో తరగతిలో ఉండగా మా బర్రె ఏడో నెలలో ఈసుకపోయింది. అంటే, దూడ నెలలు నిండకుండానే చచ్చి పడిపోయింది. మాయ పడకపోతే అమ్మ పగుళ్ల చేతులతోనే దాన్ని లాగి తీసింది. మా వైపు అది ఆడవాళ్ల పని. నెల తిరక్కుండానే అమ్మకు జ్వరం పట్టుకుంది. సాయంత్రమైతే వణుకు, తెల్లారేసరికి చెమటతో తడిసిన చీర, పట్టేసిన నడుము. పక్కనున్న తుకుంలో డాక్టర్లకు చూపిస్తే ఒకరు టైఫాయిడ్ అన్నారు, ఒకరు మలేరియా అన్నారు. మూడు నెలల్లో అమ్మ సగమైపోయింది. ఇక దక్కదేమోనని నేను పుస్తకం అడ్డం పెట్టుకొని ఏడ్చేదాన్ని. నాన్నకు తెలిసిన వైద్యం ఒక్కటే. రోజూ పొద్దున్నే అదే బర్రె గుమ్మపాలు పట్టుకొచ్చి దగ్గరుండి తాగించేవాడు.

ఒకరోజు బర్రెకు సూది వేయడానికి వచ్చిన మామ, నాన్న చేతిలోని గ్లాసు మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"బావా, బర్రె గిట్ల ఈసుకపోయిందా? మాయ ఎవ్వలు తీసిండ్రు?"

నాన్నకు చిర్రెత్తుకొచ్చింది. "మనిషి జరంల పడి ఉంటే నీ బర్రె ముచ్చట ఏందయ్యా?"

"రెండూ ఒక్కటే ముచ్చట. గా బర్రె రోగమే చెల్లెకు అంటినట్టుంది. నువ్వేమో రోజూ ఇంకింత తాపుతున్నవు."

నాన్న గ్లాసు తీసుకెళ్లి పాలు పెరట్లో పారబోశాడు. ఆ మొహం నేను మర్చిపోలేను.

మామే వెంట వచ్చి అమ్మను పెద్ద దవాఖానలో చూపించాడు. అక్కడి కుర్ర డాక్టరు నవ్వాడు, పశువుల డ్రెస్సరు మనిషి రోగం చెప్పడమేమిటని. మామ అక్కణ్నుంచి కదల్లేదు. ఒక్కసారి రక్తం పరీక్ష చేయండి సాహెబ్ అని మరాఠీలో అదే మాట పట్టుకొని నిలబడ్డాడు. చివరికి చేశారు. మామ అన్నదే తేలింది, మాయ ముట్టుకున్నా పచ్చిపాలు తాగినా మనిషికి అంటే పశువుల జ్వరం. వారాల తరబడి మాత్రలు, సూదులు నడిచాక అమ్మ లేచి తిరిగింది. ఆ కోపంలో నాన్న బర్రెను సంతకు తోలి అమ్మేస్తానంటే మామ ఒప్పుకోలేదు.

"కొన్నోని ఇంట్ల గూడ పాలు పిండే ఆడిమనిషి ఉంటది కద బావా."

దాన్ని విడిగా కట్టేశాం. కాచకుండా ఆ పాలు ఎవరూ ముట్టలేదు.

నర్సు చదువుకు వెళ్లేముందు మామను అడిగాను. "డాక్టర్లకు తెల్వంది నీకెట్ల తెలిసింది మామా?"

మామ మోకాళ్లు రుద్దుకుంటూ చెప్పాడు. "నాకూ వచ్చింది బిడ్డా. నాలుగేండ్లు జరం, కీళ్ల నొప్పులు. ఎన్ని దవాఖానలు తిరిగిన్నో. నువ్వేం పని చేస్తవని ఒక్కలన్న అడగలే."

మామ పోయి చాలా ఏళ్లయింది. జ్వరమని ఎవరొచ్చినా నేను ముందు పశువుల సంగతే, మాయ ఎవరు తీశారనే అడుగుతాను. మగవాళ్లు నవ్వుతారు, ఆడవాళ్లు సిగ్గుపడతారు, అయినా అడుగుతాను. అమ్మ ఇవాళ్టికీ నాతో పోట్లాడుతూ వంట చేస్తోందంటే అది ఆయన అడగబట్టే. ఆయన్ను మాత్రం ఎవరూ అడగలేదు.