వెనక సీటు అమ్మగారు

ముప్పై ఏళ్ళు పరాయివాళ్ళ కార్లు నడిపిన ఆ ఇంటాయన నిరుడు కన్నుమూశాడు. కూతురికి డ్రైవింగ్ నేర్పింది నాన్నే. ఆయన పోయాక కూతురు స్టీరింగ్ ముట్టలేదు, నర్సు డ్యూటీకి రెండు బస్సులు మారి వెళ్తోంది. చూసి చూసి తల్లి చవకైన చిన్న కారొకటి కొంది.

షోరూంలో పొద్దుటి ఎండ తెల్లకారు మీద మీగడలా పరుచుకుంది.

"వాళ్ళే ఇంటికి తెచ్చిస్తార్లేమ్మా," అంది కూతురు, దూరంగా నిలబడి.

తల్లి కలలో నడిచినట్టు వెళ్ళి వెనక సీట్లో కూర్చుంది.

"వెనక్కెళ్ళావేంటి? దొరసానివా?"

"యజమానుల్ని దింపి ఖాళీ కారు షెడ్డుకి తీసుకెళ్తూ మీ నాన్న నన్నిలాగే కూర్చోబెట్టేవాడే. 'ఈ పది నిమిషాలూ నువ్వే నా యజమానురాలివి' అనేవాడు. అలవాటు, చావదు."

కూతురు నవ్వబోయింది, కళ్ళు నిండాయి. కళ్ళు తుడుచుకుని, ముందు తలుపు తీసి, స్టీరింగ్ ముందు కూర్చుంది.

"ఎక్కడికి పోనివ్వమంటారు, అమ్మగారూ?"

"నీ ఇష్టమే తల్లీ. మెల్లగా పోనియ్యి."

అద్దాల అవతల వీధి నీళ్ళలా కదిలింది. మలుపు దగ్గర కూతురు తండ్రిలాగే మెడ కాస్త వాల్చి అద్దంలోకి చూసింది. తల్లి ఆ మెడనే చూస్తూ కూర్చుంది.