తాళంకప్పగారి మూడు ప్రశ్నలు

తాళంకప్పగారు ఏ పనికైనా ముందు మూడు ప్రశ్నలు వేస్తాడు. ఎవరు? ఎందుకు? ఇప్పుడే ఎందుకు? ఈ మూడింటికీ జవాబు దొరక్కపోతే ఆయన మెయిల్ తెరవడు, తలుపు తెరవడు, ఆవలింత వచ్చినా నోరు తెరవడని నా అనుమానం.

మాది నీటి పంపులు అమ్మే కంపెనీకి ఎక్కడో మూలనున్న శాఖ. నేను ఆర్డర్లు చూస్తాను. ఆయన కంప్యూటర్లు చూస్తాడు, అంటే మమ్మల్ని వాటిని చూడనివ్వడు. ఆయనకి అసలు పేరొకటి ఉండే ఉంటుంది. జీతం ఇచ్చేవాళ్ళకి తెలిస్తే చాలని మేం పట్టించుకోలేదు. ఆఫీసుకొచ్చే మెయిళ్ళన్నీ ముందు ఆయన కంప్యూటర్లో ఉన్న మెయిల్ ప్రోగ్రాములోకి దిగుతాయి. ఎవరు పంపారో పైపైన చూసి, ఆయన దయతలిస్తే మా కంప్యూటర్లకి వదులుతాడు. లోపల ఏముందో మాత్రం చచ్చినా చదవడు. "ఇంకొకళ్ళ ఉత్తరం చదవడం దొంగతనమండీ" అంటాడు. చదివి అనుమానిస్తే అదో అందం. చదవకుండానే అనుమానించడం ఆయనకే చెల్లింది.

మా మేనేజరుగారికి మనవడు పుట్టాడు. కూతురు మెయిల్లో ఫొటో పంపింది. మేనేజరుగారు కళ్ళజోడు తుడుచుకుని ఆత్రంగా తెరిస్తే తెర మీద ఓ తెల్లటి పెట్టె, అంతే.

"ఏమయ్యా, మా మనవడేడీ?"

"ఆపాను సార్. బయటి సైట్లలోంచి వచ్చే బొమ్మ తెరుచుకుందంటే మీరు ఉత్తరం చూశారని అవతలివాళ్ళకి కబురెళ్ళిపోతుంది."

"అవతల ఉన్నది నా కూతురయ్యా! నేను చూశానని దానికి తెలియాలనే కదా పంపింది!"

"అది మీ కూతురేనని ఎవరన్నారు సార్?"

తాళంకప్పగారు ఆ కూతురికి ఫోన్ చేసి, ఎవరు, ఎందుకు, ఇప్పుడే ఎందుకు అని అడిగాడు. బాలింత మనిషి, ఒళ్ళు మండి ఫోన్ పెట్టేసింది. దాంతో అనుమానం ఇంకా బలపడింది. ఆ పెట్టె తెరుచుకునేసరికి పిల్లాడికి పళ్ళొచ్చాయి.

పాస్‌వర్డుల సంగతి చెబితే కడుపు చించుకోవడమే. ప్రతి సోమవారం కొత్తది పెట్టాలి. పాతదానితో పోలిక ఉండకూడదు, పెళ్ళాం పేరు ఉండకూడదు, అర్థం అసలే ఉండకూడదు. నా పాస్‌వర్డు నాకే గుర్తుండకపోవడం ఆయన దృష్టిలో భద్రతకి పరాకాష్ఠ. ఓసారి చిన్న కాగితం మీద రాసుకుని కీబోర్డు కింద దాచాను. మర్నాడు తీస్తే దాని వెనక ముత్యాల్లాంటి దస్తూరీతో మూడు ప్రశ్నలూ రాసి ఉన్నాయి.

ఇంట్లోవాళ్ళకైనా మినహాయింపు ఉందా అంటే, అదీ లేదు. ఓ రోజు ఆయన ఫోన్ మోగింది. ఆఫీసంతా చెవులు రిక్కించింది.

"ఎవరు?"

"నేనే. మీ పెళ్ళాన్ని."

"ఎందుకు?"

"తాళంచెవి మీ జేబులో వేసుకుపోయారు. గుమ్మం బయట నిలబడ్డాను."

"ఇప్పుడే ఎందుకు?"

"వాన పడుతోంది కాబట్టి!" ఆవిడ అరుపు ఫోన్లోంచి ఎగిరి మూడు బల్లల అవతల కూర్చున్న నాకు తగిలింది. "చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడని ఊరికే అన్నారా!"

సాయంత్రం అయ్యేసరికి ఆఫీసు మెయిళ్ళన్నిటికీ నకలు తీసి, ఆ డిస్కుని తువ్వాల్లో చుట్టి, భోజనం డబ్బా సంచిలో పెట్టుకుని ఇంటికి మోసుకెళ్తాడు. ఆఫీసు తగలబడితే ఇంట్లో ఒకటుండాలట. మేం ఉంటామో పోతామో ఆయనకి అనవసరం, మా మెయిళ్ళుంటే చాలు.

ఇవన్నీ ఒక ఎత్తు, భోజనాల గదిలో ఆయన చూపు ఒక ఎత్తు. మూల బల్ల దగ్గర కూర్చుని, తన డబ్బా మూత తియ్యకుండానే, అందరి డబ్బాల్లోకీ మెడ సాచి చూస్తాడు. ఎవరు తింటున్నారు, ఎవరు కెలుకుతున్నారు, ఎవరు మూత పెట్టేశారు, అన్నీ కావాలి ఆయనకి. నాకు ఒళ్ళు మండి ఓసారి అడిగేశాను.

"ఏం చూస్తున్నారండీ? కూరలో వైరస్ ఉందా?"

"అబ్బే, మీరు తినండి, తినండి" అని నీళ్ళు నమిలాడు.

పక్కవాడి కంచంలోకి తొంగిచూసేవాణ్ణి మా వైపు ఏమంటారో రాస్తే బాగుండదు.

ఆ మూల బల్ల దగ్గర ఆయనతో కలిసి కూర్చోగల ఓపిక ఒక్క స్టోర్సు అక్కకే ఉండేది. పంపుల విడిభాగాలన్నీ ఆవిడ అధీనంలో ఉంటాయి కాబట్టి ఆ పేరు. వయసులో నాకన్నా చిన్నదైనా అందరికీ అక్కే. ఆవిడ భర్త, నాలుగేళ్ళ కూతురు ఒక రాత్రి ప్రయాణమంత దూరంలో ఉన్న మరో శాఖ ఊళ్ళో ఉండేవాళ్ళు. నెలకోసారి వెళ్ళి చూసొచ్చేది. వచ్చినప్పుడల్లా పిల్ల ఇంకొంచెం పొడుగైందని నవ్వుతూ చెప్పేది, చెప్పి స్టోర్సులోకి వెళ్ళి తలుపేసుకునేది. ఆ ఊరికి బదిలీ కోసం రెండుసార్లు అర్జీ పెట్టింది. పెద్దాఫీసు సిబ్బంది విభాగం వాళ్ళు రెండుసార్లూ కుదరదన్నారు. మూడోసారే ఆఖరు, ఆపైన అడగడానికి రూలు ఒప్పుకోదు. ఆ మూడో అర్జీకి జవాబు ఫలానా శుక్రవారం మెయిల్లో వస్తుందన్నారు.

ఆ విభాగం గురించి ఒక మాట చెప్పాలి. వాళ్ళ దగ్గర్నుంచి మాకు మంచి వార్త వచ్చిన దాఖలా లేదు. వచ్చేదేదో మధ్యాహ్నం దాటాకే వస్తుంది. వాళ్ళు పొద్దెక్కేదాకా నిద్ర లేవరని మేమంతా వేళాకోళం చేసుకునేవాళ్ళం.

శుక్రవారం వచ్చింది. అక్క పొద్దున్నుంచి స్టోర్సు వదిలి కంప్యూటరు ముందే కూర్చుంది. భోజనానికి పిలిస్తే "ఆకలి లేదు, మీరు కానివ్వండి" అంది. డబ్బా మూత తియ్యకుండా పక్కనే పెట్టుకుంది. తాళంకప్పగారు రెండుసార్లు వచ్చి ఆ డబ్బా వైపు చూసి వెళ్ళాడు. మూడోసారి వచ్చి, "ఏమ్మా, తినలేదా?" అన్నాడు.

"మెయిల్ రానీండి బాబాయిగారూ, తింటాను."

ఆయన చెవి గోక్కుని వెళ్ళిపోయాడు. నాలుగున్నర కావస్తుండగా అక్క డబ్బా చేత్తో పట్టుకునే నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇంకో శాఖలో నా ఫ్రెండు ఫోన్ చేసింది. వాళ్ళందరికీ పొద్దున్నే వచ్చేశాయట. బదిలీ వచ్చినవాళ్ళు సాయంత్రం ఐదులోపు ఒప్పుకుంటున్నట్టు జవాబు రాయాలట, లేకపోతే ఆ చోటు ఇంకొకళ్ళకిచ్చేస్తారట. నాకేమో రానేలేదు."

నాకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది. తిన్నగా తాళంకప్పగారి గదిలోకి దూసుకెళ్ళాను, అక్క నా వెనకే వచ్చింది.

"పెద్దాఫీసు నుంచి అక్కకి మెయిల్ వచ్చిందా?"

"వచ్చింది."

"ఎప్పుడు?"

"పొద్దున్నే."

"పొద్దున్నే వస్తే ఇంకా ఎందుకు వదల్లేదయ్యా మహానుభావా?"

ఆయన నాకేసి కాదు, అక్క చేతిలోని డబ్బాకేసి చూశాడు. "ఆవిడ ఇంకా తినలేదు కదండీ."

ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నా నోట వచ్చిన మాటలు అచ్చుకి పనికిరావు.

"అది కాదండీ" అన్నాడాయన బెదురుగా. "మొదటిసారి వాళ్ళు కుదరదన్నప్పుడు అమ్మాయి పొద్దున్నే చదివేసింది. రోజంతా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. సాయంత్రం కళ్ళు తిరిగి మెట్ల మీద పడింది, గుర్తుందా? తల పగలాల్సింది. ఆ రోజే రూలు పెట్టాను. ఆ విభాగం నుంచి ఎవరికి ఏ మెయిల్ వచ్చినా విడిగా ఓ ఫోల్డరులోకి పోతుంది. వాళ్ళు భోజనం చేశారని కళ్ళారా చూశాకే వదుల్తాను. చెడ్డ కబురుకి తొందరేముందండీ? ఎవరు పంపారో తెలుసు, ఎందుకో తెలుసు. ఇప్పుడే ఎందుకు?"

"ఐదింటికి గడువుందయ్యా!" అని అరిచాను.

ఆయన ముఖం పాలిపోయింది. "గడువా? నేను లోపల చదవను కదండీ" అన్నాడు. గబగబా మౌస్ మీద చెయ్యి వేసి, ఆగాడు. "అమ్మా, రెండు ముద్దలు తిను. తింటుండు, వదిలేస్తున్నా."

"ముందు వదలండి బాబాయిగారూ!"

"ముందు తిను తల్లీ, అందులో ఏముందో నాకు తెలీదు. నీ కాళ్ళు ఇప్పుడే వణుకుతున్నాయి."

అక్క ఏడుస్తూనే మూత తీసి, నిలబడే ఓ ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆయన మౌస్ నొక్కాడు. మెయిల్ అక్కడే, ఆయన తెర మీదే తెరుచుకుంది. లోపల ఒక్క వాక్యం, "ఉత్తర్వు జతచేశాము" అని. కింద ఒక ఫైలు.

తాళంకప్పగారి చెయ్యి గాల్లో ఆగిపోయింది. జతచేసిన ఫైలంటే ఆయనకి పాము పుట్ట.

"ఇది ఎవరు..." అన్నాడు.

"చంపేస్తాను" అన్నాను.

ఆయన అప్పటికే ఫోన్ తీశాడు. పెద్దాఫీసు గుమాస్తా గొంతు నాక్కూడా వినిపించింది. "మళ్ళీ మీరేనా! నేనే పంపానండీ, నా పిల్లల మీద ఒట్టు, తెరవండి!"

తెరిచాం. అక్క బదిలీ మంజూరైంది. అడిగిన ఊరికే, పిల్ల దగ్గరికి. అక్క నోట్లో ముద్ద మింగలేక, నవ్వలేక, ఏడవలేక ఉక్కిరిబిక్కిరై కుర్చీలో కూలబడింది. జవాబు రాయాలి. గోడ గడియారం ముల్లు నెత్తిమీదికి వచ్చేస్తోంది. ఆవిడ కీబోర్డు వైపు చెయ్యి చాచింది.

"ఎంగిలి చెయ్యి!" అని కేక పెట్టాడు తాళంకప్పగారు.

నేను ఆయన మెడ పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన కీబోర్డు తన వైపు లాక్కుని, "నువ్వు చెప్పమ్మా, నేను కొడతా" అన్నాడు. ఒక్క అక్షరం పంపాలంటే మూడు ప్రశ్నలు వేసే మనిషి ఆ జవాబు టకటకా కొట్టి, ఏ ప్రశ్నా లేకుండా పంపేశాడు. వెంటనే మళ్ళీ ఫోన్ తీశాడు.

"అందిందా?"

"అందింది మహాప్రభో! ఐదు కాలేదు, సరేనా?"

"ఖాయంగా నువ్వేనా మాట్లాడేది?"

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది. తాళంకప్పగారు నుదురు తుడుచుకుని, అక్క డబ్బాలోకి తొంగిచూసి, "ఇంకా సగం ఉంది" అన్నాడు.

నా బల్ల దగ్గరికి తిరిగొచ్చాక ఓ సంగతి గుర్తొచ్చింది. అంతకుముందు ఏడాది నాకు ప్రమోషన్ ఇవ్వడం కుదరదంటూ వచ్చిన మెయిల్ కూడా భోజనం తరవాతే వచ్చింది. దాన్ని తెరవబోతుంటే ఈ మనిషే వచ్చి, అడక్కుండా వేడివేడి టీ గ్లాసు నా ముందు పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. బల్ల మీద తడి చేశాడని అప్పుడు విసుక్కున్నాను. ఇప్పుడు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. మనసారా తిట్టుకోవడానికి ఆఫీసు మొత్తానికి ఉన్నది ఒక్క మనిషి, అతన్ని కూడా తిట్టుకోవడానికి వీల్లేకుండా పోయింది.

అక్క వెళ్ళిపోయింది. ఈ కథ ఆఫీసంతా పాకింది, దాంతో కొత్త పీడ పట్టుకుంది. ఇదివరకు ఆయన "ఎవరు?" అంటే చిరాకు పడేవాళ్ళం. ఇప్పుడు "భోజనం అయిందా?" అంటే గుండెలు జారిపోతున్నాయి. మొన్న మేనేజరుగారిని మాటవరసకి అలా అడిగాడు. ఆయన నేరుగా ఇంటికెళ్ళి రెండు రోజులు సెలవు పెట్టారు. రూలు తీసెయ్యవయ్యా అంటే తియ్యడు. గడువున్నవాటికి మాత్రం ఎర్రజెండా గుర్తు పెట్టి పంపమని పెద్దాఫీసు గుమాస్తా ప్రాణం తీస్తున్నాడు.

నిన్న మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చెవి గోక్కున్నాడు.

"భోజనం అయిందా అండీ?"

ఉద్యోగం ఊడిందా, ఇంకేదైనా అడవిలో పడేశారా? ధైర్యం కూడదీసుకుని ఆయన ప్రశ్నలే ఆయనకి వేశాను. "ఎవరు పంపారు? ఎందుకు? ఇప్పుడే ఎందుకు?"

ఆయన వీపు వెనకనుంచి చెయ్యి ముందుకు తెచ్చాడు. అందులో మెయిల్ లేదు, కాగితం లేదు, తన భోజనం డబ్బా ఉంది.

"ఎవరూ పంపలేదండీ, నేనే వచ్చా. ఎందుకంటే, ఆకలేస్తోంది. ఇప్పుడే ఎందుకంటే..." మూల బల్ల వైపు, అక్క కూర్చునే ఖాళీ కుర్చీ వైపు చూశాడు. "ఒక్కణ్ణే తినలేకపోతున్నానండీ."

ఇద్దరం కలిసి తిన్నాం. తింటున్నంతసేపూ నా డబ్బాలోకి చూస్తూనే ఉన్నాడు, దుర్మార్గుడు.