చిన్నాయనకు కప్పని శాలువా

మొన్న పంద్రాగస్టునాడు అల్లూరులో మాజీ సైనికులకు సన్మానం పెట్టారు. మా చిన్నాయనను నేనే కారులో తీసుకెళ్లాను. ఇస్త్రీ చొక్కా, దాని మీద పతకాలు, డెబ్బై దగ్గరపడ్డా వంగని నడుము. ఒక్కొక్కరినీ పిలిచి, ఏ యుద్ధంలో పోరాడారో మైకులో చెప్పి శాలువాలు కప్పుతున్నారు. చిన్నాయన వంతు వచ్చింది. "శ్రీలంకకు పోయిన శాంతి సైన్యం," అన్నాడు. మైకు పట్టుకున్నాయన పక్కనున్న నాయకుడి వైపు చూశాడు. ఆ నాయకుడు మైకుకు చెయ్యి అడ్డం పెట్టాననుకున్నాడు గానీ మాట అందరికీ వినపడింది: "అది మనం గెలిచింది కాదు గదన్నా. ఇప్పుడెందుకు కదిలించేది? తర్వాతాయన్ని పిలువు." చిన్నాయన వేదిక దిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మిగతావాళ్లందరికీ చివరిదాకా చప్పట్లు కొట్టాడు కూడా.

నేను బడికి పోయే రోజుల్లో చిన్నాయన సెలవు మీద వచ్చాడంటే మా ఇల్లంతా పటాలం అయిపోయేది. దుప్పట్లు అంచులు కలిపి మడవాలి, చెప్పులు గోడవార వరసలో ఉండాలి. లెక్కచెయ్యనిది మా నాయనమ్మ ఒక్కతే. కావాలనే ఒక చెప్పు వాకిట్లో, ఒకటి పెరట్లో విడిచేది. ఆమె పుట్టిల్లు సూళ్లూరుపేట దాటాక అరవ పల్లె. కోపమొస్తే అరవంలోనే తిట్టేది. ఆ తిట్ల పుణ్యాన చిన్నాయనకు అరవం బాగా పట్టుబడింది. దానివల్లే శ్రీలంకలో మిగతా సిపాయిలకు లేని కష్టం ఆయనకొచ్చింది. మొదట్లో అక్కడి అరవ జనం దండలు వేశారు, కొబ్బరినీళ్లిచ్చారు, తమ్ముడూ అని పిలిచారు. కొన్నాళ్లకు అక్కడి తమిళ తిరుగుబాటుదారులతోనే పోరు మొదలై, కాపాడబోయినవాళ్లే కాల్చేవాళ్లయ్యారు. అప్పుడు తలుపు సందుల్లోంచి ఆడవాళ్లు పెట్టే శాపనార్థాలు పక్కవాళ్లకు ఒట్టి చప్పుడు. ఈయనకు మాత్రం ప్రతి మాటా మా నాయనమ్మ గొంతుతో వినపడేదట.

తోటపల్లి గూడూరు నుంచి ఆయన స్నేహితుడొకాయన మా ఇంటికి వస్తుండేవాడు. ఇద్దరిదీ ఒకే దళం. చిన్నాయన ఎప్పుడూ చెప్పని సంగతి ఆయన ఒకనాడు భోజనం చేస్తూ చెప్పాడు. దారిలో మందుపాతర పేలి, పొద్దున తమతో టీ తాగినవాడు పోయాడు. దగ్గర్లో ఉన్నది ఒక్కటే ఇల్లు. దళమంతా దాని మీదికి పోయింది. లోపల ముసలివాళ్లు, ఆడవాళ్లు, చంటిబిడ్డలు.

"మొదట తుపాకీ ఎత్తింది నేనే పాపా," అన్నాడాయన, అన్నం కలపడం ఆపి. "మీ చిన్నాయన గుమ్మానికి అడ్డం నిలబడినాడు. 'వీళ్లు పాతినారని నువ్వు చూసినావా? ముందు నన్ను కాల్చి లోపలికి పో' అన్నాడు. తిట్టినాం, గుంజినాం. కదల్లా. ఈ పొద్దు నా బిడ్డల మొహం చూడగలుగుతా ఉండానంటే ఆయన వల్లే."

"చారు పోయించుకో, చల్లారిపోతా ఉంది," అన్నాడు చిన్నాయన.

చివరికి ఏదీ తేలకుండానే వాళ్లను వెనక్కి రమ్మన్నారు. పోయేటప్పుడు వీపు తట్టిన పెద్దమనుషులు, ఓడ మద్రాసు రేవుకు వచ్చేసరికి ఆయన కంటికి ఒక్కరూ కనపడలేదట. బిట్రగుంటలో రైలు దిగినప్పుడు ఎదురెళ్లింది మా నాన్న ఒక్కడే. ఊళ్లో టీ అంగడి దగ్గర మాత్రం అందరూ అడిగారు: "అంత దూరం పోయి ఏం సాధించినారబ్బా?" చిన్నాయన టీ డబ్బులు పెట్టేసి లేచి వచ్చేవాడు. కొన్నాళ్లకు ఆ అంగడి వైపు పోవడమే మానేశాడు.

సన్మానం నుంచి తిరిగి వస్తుంటే దారికి రెండు వైపులా రొయ్యల చెరువుల వాసన. బాధగా ఉందా చిన్నాయనా అని అడిగాను. నాకు తల నెరిసినా ఆయనకు నేను పాపనే.

"ఓడిపోయినారు అంటే పడతా పాపా. గెలిచి రాలేదు, నిజమే. కానీ మమ్మల్ని పొమ్మన్నదెవురు? ఇప్పుడు ఎవురు పంపినారో తెలీనట్టు మొహం తిప్పుకుంటా ఉండారే, అది ఓర్చుకోలేకుండా ఉండా."

కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

ఆ యుద్ధం సంగతి తేల్చేవాళ్లు ఇప్పటికీ ఏడాదికొక మాట చెబుతూనే ఉన్నారు. ఆ ఇంట్లోని చంటిబిడ్డలకు మాత్రం ఈపాటికి నడివయసు వచ్చి ఉంటుంది.