బర్రె పడుకున్న చోటు

మార్కాపురంలో నేను తెలుగు చెప్పిన ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆ ఏడాది తెలుగు తీసుకున్నవాళ్ళు తొమ్మిది మంది. మిగతా అందరూ మార్కులు ఎక్కువ పడతాయని సంస్కృతం తీసుకున్నారు. తొమ్మిది మందికి ఒక లెక్చరర్ ఎందుకని యాజమాన్యానికి తోచింది. నాకూ తోచింది, కాకపోతే పైకి అనలేదు. జూన్ నెలాఖరున నన్ను పిలిచి కాఫీ ఇచ్చి, వచ్చే ఏడు చూద్దాం లెండి అన్నారు. ఆ కాలేజీలో నాకు కాఫీ ఇవ్వడం అదే మొదలు.

ఇంట్లో చెప్పలేదు. మా ఊరు అర్ధవీడు మండలంలో కొండల కింద ఉంటుంది. మా నాయన ఎవరితోనైనా నా గురించి "మావాడు కాలేజీలో సారు" అనేటప్పుడు ముందు కాస్త ఆగి, గొంతు సవరించుకుని అంటాడు. ఆ మాట ఆయన నోట్లోంచి తీసేయడానికి నాకు చేతులు రాలేదు. అద్దె గది ఖాళీ చేయకుండా మార్కాపురంలోనే ఉండిపోయి, రోజూ పాఠాలు చెబుతున్నట్టే ఫోన్లో మాట్లాడేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఒక వెబ్‌సైటుకు రాయడం మొదలుపెట్టాను. దాన్ని నడిపే మనిషిని నేను చూడలేదు, గొంతు కూడా వినలేదు. పొద్దున్నే వాట్సాప్‌లో శీర్షికలు పంపేవాడు, పొద్దుగూకేలోపు వ్యాసాలు పంపాలి. ప్రతి శీర్షికలో ఒక అంకె ఉండి తీరాలి. బొప్పాయి తింటే ఒంట్లో జరిగే ఆరు మార్పులు, కలలో పాము కనిపిస్తే తెలుసుకోవాల్సిన అయిదు సంగతులు, ఇలా. పాములు నా కలలోకి చాలాసార్లు వచ్చాయి కానీ అయిదు సంగతులు ఎప్పుడూ చెప్పి పోలేదు. అయినా రాశాను. వ్యాసం కింద నా పేరు ఉండేది కాదు, "డెస్క్" అని ఉండేది. నా గదిలో బల్ల కూడా లేదు, మంచం మీద కూర్చుని రాసేవాణ్ణి.

గది ఒక పలకల ఫ్యాక్టరీ వెనకాల. పగలంతా రాయి కోసే చప్పుడు, సాయంత్రం అది ఆగితే ఇంకేమీ లేదు. పక్క గదికి ఎప్పుడూ తాళమే. టీ కొట్టు దగ్గర "ఒకటి, చక్కెర తక్కువ" అనడం తప్ప నోరు తెరవని రోజులు వారంలో నాలుగైనా ఉండేవి. కాలేజీలో కలిసి పనిచేసినవాళ్ళు బజార్లో ఎదురైతే నేనే పక్క సందులోకి తిరిగేవాణ్ణి. ఆ ఒంటరితనంలో సగం నేను చేజేతులా తెచ్చుకున్నదేనని ఒప్పుకుంటాను. ఒకరోజు పొద్దున "ఒంటరితనాన్ని పోగొట్టే ఏడు మార్గాలు" అని శీర్షిక వచ్చింది. ఇరుగుపొరుగును పలకరించండి అని మొదటి మార్గం రాసి, లేచి తలుపు తీసి చూశాను. తాళం తాళంలాగే ఉంది. తలుపు వేసుకుని ఏడ్చాను. తర్వాత మిగతా ఆరూ రాశాను.

అక్టోబరులో అనుకుంటాను, నాకు నిజంగా తెలిసిన విషయం ఒకటి వచ్చింది. "బోరు పాయింటు చెప్పే ఏడు గుర్తులు: పెద్దల మాట." మా వైపు ఇద్దరు రైతులు కలిస్తే బోరు మాట రాకుండా విడిపోరు. అయిదు గుర్తులు గుక్క తిప్పుకోకుండా రాశాను. అరచేతిలో పడుకోబెట్టిన టెంకాయ లేచి నిలబడడం, చేతుల్లో పట్టుకున్న వేప పంగలపుల్ల కిందికి వంగడం, పుట్ట, మేడిచెట్టు, నడివేసవిలోనూ పచ్చగా ఉండే గరిక. ఆరోది ఎంతసేపటికీ రాలేదు. కిటికీలోంచి చూస్తే ఫ్యాక్టరీవాళ్ళు పారబోసిన పలక ముక్కల పక్కన ఎవరిదో బర్రె పడుకుని నెమరు వేస్తోంది. "పలుపు విప్పి వదిలిన బర్రె వరుసగా మూడు రోజులు తనంతట తాను ఒకేచోట పడుకుని నెమరు వేస్తే, ఆ చోటి కింద జల ఉన్నట్టే" అని రాశాను. ఏ పెద్దలూ ఆ మాట అనలేదు. ఏడోదిగా మా ఊళ్ళో అందరూ అనే తూనీగల మాట పెట్టి పంపేశాను. ఆ పూట బాగా రాశానని కూడా అనిపించింది.

పది రోజుల తర్వాత, ఆదివారం మధ్యాహ్నం నాయన ఫోన్ చేశాడు.

"రైతుల గ్రూపులో ఒకటి వచ్చిందిరా. సదువుతా, విను" అన్నాడు. కూడబలుక్కుంటూ చదివాడు. పలుపు, బర్రె, నెమరు, జల. అన్నీ నా మాటలే. నేను రాసింది ఒకరు పైకి చదవగా వినడం నాకు అదే మొదటిసారి. దాచుకోవడమెందుకు, ముందు సంతోషమే వేసింది.

"మన బర్రెను చేలో వదిలి చూసినానురా. మూడు దినాలూ ఎగువ గట్టు కాడనే పండుకునింది. రేపు బేరగాడు వస్తాడు. దాన్ని అమ్మి బోరు బండిని పిలుస్తా."

ఆ చేలో అప్పటికే మూడు బోర్లు ఎండిపోయాయి. ఇంటికి మిగిలిన పాడి ఆ బర్రె ఒక్కటే. కేంద్రానికి పోసే దాని పాలతోనే ఇల్లు గడుస్తోంది.

"ఆగు నాయనా" అన్నాను.

"ఏందిరా, ఎందుకు?"

ఎందుకో చెప్పాలంటే కాలేజీ దగ్గర్నుంచి చెప్పుకురావాలి. "నేనొస్తున్నా. వచ్చిందాకా బేరం చెయ్యొద్దు" అని పెట్టేశాను.

మరునాడు మొదటి బస్సుకు కంభం వెళ్ళి, అక్కడ ఆటో ఎక్కాను. దారి పొడవునా తప్పించుకునే మార్గాలు వెతికాను. ఫోన్లో వచ్చేవన్నీ దొంగ రాతలని చెబితే చాలదా, రాసింది నేనని చెప్పడమెందుకు? కానీ నాకు నాయన సంగతి తెలుసు. పదిమందికీ చేరిన రాతను నా ఒక్కడి మాట మీద వదిలే మనిషి కాదు. చెప్పకపోతే బర్రె పోతుంది, చెబితే కాలేజీ సారు పోతాడు.

చేలో ఆయన తలకు తువ్వాల చుట్టుకుని గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పది బారల దూరంలో బర్రె పడుకుని ఉంది.

"సూడు, నాలుగో దినం గూడా ఆడనే" అన్నాడు, బర్రె వింటుందేమో అన్నంత మెల్లగా.

"నాయనా, అది రాసింది నేను."

"ఏది?"

"ఆ బర్రె మాట. నేనే కల్పించి రాసినా. అట్లాంటిది ఏమీ లేదు."

"నువ్వు కాలేజీలో కదరా చెప్పేది?"

"కాలేజీ లేదు నాయనా. జూన్ నుంచి లేదు. ఇట్లాంటివి రాసి పంపిస్తా, డబ్బులిస్తారు."

ఆయన బర్రె వైపు తిరిగాడు. తర్వాత అడిగాడు.

"తక్కినవి? టెంకాయ, పుట్ట, అయ్యి గూడా కల్పించినావా?"

"అవి కాదు. అవి నీ దగ్గర విన్నవే."

"వాటిని నమ్మే కదరా మూడు బోర్లు ఏసింది" అన్నాడు. "ఇదొక్కటే నాకు తెలియంది. అందుకే దీని మీద ఆశ పెట్టుకుంటి."

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన లేచి వెళ్ళి బర్రెను అదిలించాడు. అది బద్ధకంగా లేచింది. అంతలో బేరగాడు బండి మీద వచ్చాడు.

"అమ్మేది లేదు పో" అన్నాడు నాయన.

"నువ్వే కదా మామా రమ్మంటివి!"

"మావాడు వద్దన్నాడు. సదువుకున్నోడు."

ఇంటికి నడుస్తున్నప్పుడు ఆయన ఒక్కటే అడిగాడు. "ఆ రాతను తీపించరా. ఇంకెవడన్నా నా మాదిరి కూసుంటాడు."

సిగ్నల్ దొరికిన చోట నిలబడి సైటు ఆయనకు మెసేజ్ పెట్టాను. ఆ వ్యాసంలో తప్పుంది, తీసేయండి అని. వెంటనే జవాబు వచ్చింది. ఈ నెలలో ఎక్కువ మంది చదివింది అదేనట, తీయడం కుదరదట, రెండో భాగం రాయమని. చివర ఒక బొటనవేలు బొమ్మ. రెండో భాగం నేను రాయలేదు. ఎవరో రాశారు. అందులో మేకలున్నాయి. దాని కింద కూడా డెస్క్ అనే ఉంది.

వారం తర్వాత నాయన ఫోన్ చేశాడు. ఎప్పుడూ తిన్నావా అని మొదలుపెట్టే మనిషి, ఈసారి అది అడగలేదు.

"తీసినారా?" అన్నాడు.

ఆ పొద్దున కూడా తెరిచి చూశాను. అలాగే ఉంది. చంద్రశేఖరపురం వైపో, కురిచేడు వైపో, ఏ చేలోనో ఒక పెద్దాయన తలకు తువ్వాల చుట్టుకుని, చప్పుడు చేయకుండా బర్రెను చూస్తూ కూర్చుని ఉండవచ్చు.

"తీసినారు నాయనా" అన్నాను.

"మంచి పని చేసినావు" అన్నాడు. నమ్మాడు.