సురేందర్ ఇంటర్న్‌షిప్

దుమ్ముగూడెం దగ్గర బీడీల తునికాకు కొనే కల్లంలో ఏటా ఆకు తెచ్చినవారి పేర్లు రోజూ రాసే దూలయ్య ఒక్క రిజిస్టరునూ పారేయలేదు. మనవరాలు పుష్పలత ఇంజనీరింగ్ కాలేజీ ఎంచుకోవడానికి ఆ రోజే ఆఖరు.

"తాతా, ఈ కాలేజీల అందరికీ హైదరాబాదు కంపెనీల ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తరట. అండ్లనే చదివే మన ఊరి సురేందరన్న సర్టిఫికెట్ చూడు," అంటూ ఫోను చూపింది. నిరుడు మే నెలంతా అతడు కంపెనీలో పనిచేశాడని అందులో ఉంది.

అప్పుడు అతణ్ని కల్లంలో చూసినట్టు గుర్తొచ్చి దూలయ్య అనుమానంగా నిరుటి రిజిస్టరు తెరిచాడు. ఆ నెలంతా సురేందర్ కల్లానికి ఆకు తెచ్చినట్టే ఉంది.

"ఆడ కంపెనీ, ఈడ ఆకు! వీనికి రెండు పానాలున్నయా ఏంది?"

పుష్పలత సురేందర్‌కు ఫోన్ చేసింది.

"కాలేజోళ్లే కాగితమిచ్చిండ్రు చెల్లె, కంపెనీ గడప నేను తొక్కలే," అన్నాడతడు.

ఆమె తాను రాసుకున్న కాలేజీల జాబితాలోంచి దాన్ని తీసేసింది.

"రెండో కాలేజీల చదివినోళ్లు ఎవరున్నరే? వాళ్లకూ ఫోన్ చెయ్యి," అన్నాడు దూలయ్య.